సొంత కథలో ‘అట’ ఉండవచ్చా?

సందేహం: నేను రిటైరైన టీచర్ని. చిన్ననాటి సంగతులు రాసుకుందామని ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒక శిక్షణ తరగతిలో చేరాను. మొదటి పాఠానికి ఇలా రాసి పంపాను: “నేను పుట్టిన ఏడాది మా ఊరి చెరువు తెగిందట. నాన్న నన్ను గంపలో పెట్టుకుని గుట్టెక్కాడట. అంత వానలోనూ నేను నిద్రపోతూనే ఉన్నానట.” పాఠం చెప్పేవారు మూడు ‘అట’లూ కొట్టేసి, “ఇలా రాస్తే చదివేవాళ్లకు నమ్మకం కుదరదు, అన్నీ మీరు చూసినట్టే రాయండి” అన్నారు. తీసేయాలా? ‘అట’ను విడిగా రాయాలా, కలిపి రాయాలా? మా ఇంట్లో ‘తెగిందంట’ అంటాం, అది తప్పా?

సమాధానం: అమ్మా, చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. ‘అంట’ తప్పు కాదు. ‘అట’ది ‘అను’ ధాతువు ఇల్లు. అని, అంటే, అనే, ఆఖరికి పిల్లల కథ మొదట్లో వచ్చే ‘అనగనగా’, అన్నీ ఆ ఇంటివే. పాత పుస్తకాల్లో దీన్ని ‘అఁట’ అని అరసున్నతో అచ్చువేసేవారు. అరసున్న ఊరికే పెట్టే అలంకారం కాదు, ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే ధ్వని ఉండేదని చెప్పే గుర్తు. తమిళుల ‘మూండ్రు’ వింటే మన ‘మూఁడు’లో అరసున్న ఎక్కడిదో తెలుస్తుంది. రాతలో మనం పోగొట్టుకున్న ఆ సున్నను మీ ఇంట్లోవాళ్లు నోట్లో దాచి ఉంచారు. ‘అంట’ను మోటుమాట అని వెక్కిరించేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి. రాసేటప్పుడు మాత్రం ‘అట’ బాగా స్థిరపడింది, అదే రాయండి.

ఇక అసలు విషయం. ‘అట’ ఉంటే నమ్మకం పోతుందన్న మాట వినగానే నాకు పోతన గుర్తొచ్చాడు. (ఆయనది బమ్మెరా, ఒంటిమిట్టా అన్న తగువు జోలికి ఇప్పుడు పోను.) ఈ పద్యం రానివాళ్లు తెలుగు దేశంలో తక్కువ:

పలికెడిది భాగవతమఁట
పలికించు విభుండు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహరమగునఁట
పలికెద వేఱొండు గాథ పలుకఁగ నేలా

చిన్న కందంలో మూడు ‘అఁట’లు! వినయం కోసం వేశాడని బళ్లో చెప్పి వదిలేస్తారు. ఈ పద్యానికి కాస్త ముందు ఏముందో చూడండి. చంద్రగ్రహణం వేళ గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద కూర్చుని ధ్యానం చేస్తున్నాడు. కళ్లు కొద్దిగా తెరిచి ఉన్నాయి. ‘కించిదున్మీలితలోచనుండనై’ అని ఆ సంగతి కూడా మరవకుండా చెప్పాడు. అప్పుడు ఒక మహానుభావుడు ఎదుట నిలిచాడు. ఆయన రూపమంతా వర్ణించి, ‘రాజముఖ్యుఁ డొక్కరుఁడు నా కన్నుఁగవకు నెదురఁ గానఁబడియె’ అన్నాడు. కానఁబడియె. ఇక్కడ ‘అఁట’ లేదు, తన కళ్లతో చూశాడు కనుక. పేరు కూడా చెప్పలేదు, ‘ఒక్కరుఁడు’ అన్నాడంతే, ఆయనెవరో ఇంకా తెలియదు కనుక. తరవాత ఆ వచ్చినవాడే తాను రామభద్రుణ్ణని చెప్పి, భాగవతాన్ని తెలుగు చేయమని, అలా చేస్తే భవబంధాలు తెగుతాయని పలికి మాయమయ్యాడు. ఇప్పుడు పై పద్యంలోని మూడు ‘అఁట’లనూ ఈ మూడు మాటల పక్కన పెట్టి చూడండి. భాగవతమని ఆయన చెప్పాడు, రామభద్రుణ్ణని ఆయనే చెప్పాడు, భవం హరిస్తుందనీ ఆయనే చెప్పాడు. మూడూ చెవిన పడినవే. చెప్పింది సాక్షాత్తూ దేవుడైనా విన్నమాటకు ‘అఁట’ పెట్టాడు పోతన. నాలుగో పాదానికి వచ్చేసరికి ‘పలికెద’. అది తన నిర్ణయం, దానికి ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు. తన అనుభవం రాసుకోవడంలో ఇంత నిక్కచ్చిగా ఉన్న మనిషి మన భాషలో ఇంకెవరున్నారు? అందులో వినయం లేదనను. ఉంది, కానీ ముందు ఉన్నది నిజాయితీ.

ఆయనకు నమ్మకం తగ్గని చోట మీకెందుకు తగ్గుతుందో నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషులో ఇలాంటి ప్రత్యయం లేదు, ‘అమ్మ చెప్పగా విన్నాను’ అనడానికి వాళ్లు మాటిమాటికీ ఒక ముక్క అతికించుకోవాలి. వాళ్ల పాఠ్యపుస్తకాల్లోని సూత్రాన్ని తెచ్చి మన రెండక్షరాల మీద రుద్దితే ఎలా? పైగా ‘అట’ అంటే చిన్నచూపు ఉన్నవాళ్లే టీవీలో ‘వచ్చినట్లు సమాచారం అందుతున్నట్లు తెలుస్తోంది’ అంటారు. వచ్చారట అంటే సరిపోయేది.

మీ మూడో వాక్యం నాకు మరీ నచ్చింది. ‘నేను’తో ‘అట’ అంత సులువుగా అతకదు. నేను అప్పు చేశానట అంటే ‘చెయ్యలేదు, వాళ్లు అంటున్నారు’ అనే రోషం ధ్వనిస్తుంది. ఆ రోషం లేకుండా రావాలంటే మనకు తెలివి లేని వేళ కావాలి: నిద్రో, జ్వరమో, పసితనమో. ‘నాకు ఊహ తెలిసినప్పటి నుంచి’ అంటాం చూడండి, ఆ గీతకు అవతలి జీవితమంతా మనదే అయినా మనకు విన్నమాటే. కందుకూరి వీరేశలింగం గారికి నాలుగేళ్లప్పుడే తండ్రి పోయారు. అటువంటివారు తండ్రి గురించి రాయాలంటే ఇతరులు చెప్పిందే ఆధారం.

‘పెద్ద పండితుడట!’ అనే వెటకారమూ, ‘ఎందుకట?’ అనే దబాయింపూ వేరే సంగతి, మీకు ఇక్కడ పనికిరావు.

అలాగని మూడు వాక్యాలకూ ఉండి తీరాలా అంటే, ఖాయంగా చెప్పలేను. చెరువు తెగడం ఊరందరికీ తెలిసిన విషయం, అక్కడ తీసేసినా అబద్ధం కాదు. నాన్న గుట్టెక్కడం దగ్గర ఉంచితే మంచిది. ‘నిద్రపోతూనే ఉన్నానట’ను మాత్రం ఎవరు చెప్పినా ముట్టుకోనివ్వకండి. ఆ సంఘటన పేజీల కొద్దీ సాగితే, మొదట ఒకసారి ‘అమ్మ చెప్పేది’ అని రాసి తరవాత మామూలు క్రియలతో నడిపించవచ్చు. ఎక్కడ ఆపాలో పైకి చదువుకుంటే మీ చెవికే తెలుస్తుంది.

కలిపే రాయండి: తెగిందట, ఎక్కాడట. ‘తెగింది అట’ అని విడదీస్తే చదివేవాడు అక్కడ అనవసరంగా ఆగుతాడు.