మోచేతి మీద నడిచే కొలువు

బేస్‌బాల్ గురించి ఈ శీర్షికకు ఉత్తరాలు రావడమే అరుదు. అలాంటిది ఈ నెలలో గుణుపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి, మూడూ పిచర్ గురించే, అంటే బ్యాటరుకు బంతి విసిరే ఆటగాడి గురించే. అందువల్ల క్రికెట్, కబడ్డీ ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాము.

ప్రశ్న: అయ్యా, మాది గుణుపురం. చిన్న కిరాణా దుకాణం నడుపుకుంటున్నాను. మా అబ్బాయికి పదిహేనేళ్ళు, పుర్రచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం ముట్టుకుంటున్నాడని మా అమ్మ ఆ చేతి మీదే కొట్టేది. ఇప్పుడు ఎండాకాలంలో వంశధార పాయలుగా చీలినప్పుడు, ఈ గట్టు మీద నిలబడి అవతలి ఇసుక మేట దాకా రాయి విసురుతాడు. బడిలో డ్రిల్లు మాస్టారు వాణ్ణి బేస్‌బాల్ జట్టులో పిచర్‌గా నిలబెట్టారు. ఈ మధ్య ఒకాయన వచ్చి, రెండు లక్షలు కడితే అమెరికాలో సెలక్షన్లకు తీసుకువెళతామని, ఉత్తరప్రదేశ్ పిల్లలు ఇద్దరు అలాగే వెళ్ళి కోట్లు గడించారని చెబుతున్నారు. ఇందులో నిజమెంత? ఈ ఆటలో బ్రతుకుతెరువు ఉంటుందా? మరొక మాట: బంతులు విసిరిన రోజు రాత్రి మోచేతి లోపలివైపు నొప్పిగా ఉందంటున్నాడు. నొప్పి మందు రాస్తున్నాము.
– ఒక తండ్రి, గుణుపురం

జవాబు: మీరు చివర ‘మరొక మాట’ అంటూ రాసినదే మాకు మొదటి మాటగా కనిపించింది కనుక ముందు దానికే జవాబు చెబుతాము. అబ్బాయి చేత బంతి విసిరించడం ఈ రోజుతో ఆపించండి. పదిహేనేళ్ళ పిల్లవాడి మోచేతిలో ఎముక చివర ఇంకా పూర్తిగా గట్టిపడని ఎదుగుదల పొర ఉంటుంది; పెద్దవారిలో ఎముకలను కలిపి పట్టే లిగమెంటు దెబ్బతినే చోట, ఎదిగే పిల్లలలో ముందుగా దెబ్బతినేది చాలాసార్లు ఆ పొరే. నొప్పి మందు రాస్తే నొప్పి తెలియకుండా పోతుంది, పిల్లవాడు మళ్ళీ విసురుతాడు. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో ఎముకల విభాగానికి తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయించండి. అక్కడ ‘క్రికెట్ ఆడతాడు’ అని చెప్పి ఊరుకోకుండా, రోజుకు ఎన్ని బంతులు, వారానికి ఎన్ని రోజులు విసురుతున్నాడో లెక్కతో సహా చెప్పండి.

ఆ లెక్క ఎందుకంటే, అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్, ఆ దేశపు బేస్‌బాల్ సంఘం కలిసి 2014లో పిల్లల చేతులకోసం ఒక పట్టిక తయారు చేశాయి. దాని ప్రకారం 15, 16 ఏళ్ళ పిచర్ మ్యాచి ఆడే రోజున 95 బంతులు దాటకూడదు. 76 బంతులు, అంతకు మించి వేస్తే తరువాత నాలుగు రోజులు విశ్రాంతి ఉండాలి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీలలో పిచర్‌గా దిగకూడదు, అందులో వరుసగా రెండు మూడు నెలలు చేతిని పైకెత్తి విసిరే పనే ఉండకూడదు. మీ దుకాణంలో ఖాతా పుస్తకం ఉంటుంది కదా, అలాంటిదే ఒకటి అబ్బాయి చేతికి కూడా తెరవండి. డ్రిల్లు మాస్టారికి కోపం వచ్చినా సరే.

ఇక ఉత్తరప్రదేశ్ కథ. అది నిజమే, అయితే మీకు చెప్పినది సగం. 2008లో ఒక అమెరికా ఏజెంటు మన దేశంలో నడిపిన బంతి విసిరే పోటీలో వేలమందిలో నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఎంపికయ్యారు. ఇద్దరూ అప్పటిదాకా జావెలిన్ విసిరేవారు, బేస్‌బాల్ బంతి ముట్టి ఎరుగరు. ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అని పోటీ పేరులో పది లక్షల డాలర్లున్నా రింకూకు దక్కిన బహుమతి లక్ష డాలర్లు. అతని వేగం గంటకు 87 మైళ్ళు, అంటే సుమారు 140 కిలోమీటర్లు. అతనిదీ ఎడమ చెయ్యే. కాలిఫోర్నియాలో శిక్షణ పొందాక అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే మేజర్ లీగ్ క్లబ్బు ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. దినేశ్‌ను 2010లో వదిలేశారు, అతను ఇంటికి వచ్చేశాడు. రింకూ 2011లో, మేజర్ లీగ్ కింద ఉండే మెట్లలో సింగిల్-ఎ అనే దాని దాకా ఎక్కాడు; ఆ పైన గాయాలు, మోచేతికి శస్త్రచికిత్స. మేజర్ లీగ్ మైదానంలో ఒక్క బంతి కూడా వేయకుండానే అతని పిచర్ జీవితం ముగిసింది. 2018లో కుస్తీ ప్రదర్శనల సంస్థలో చేరాడు, ఇప్పుడు జనానికి అతను ఆ వేషంలోనే ఎక్కువ తెలుసు. ఆ ఇద్దరినీ తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు, పుట్టి ఇరవై ఏళ్ళైనా చూడని ఆటలో అంత దూరం వెళ్ళడమే గొప్ప.

బ్రతుకుతెరువు విషయం అంకెలలో చూస్తే తేటపడుతుంది. మేజర్ లీగ్ కింద రూకీ, అంటే కొత్తవారి స్థాయి నుంచి ట్రిపుల్-ఎ వరకు మెట్లు ఉంటాయి. రూకీగా చేరినవాడు ఒక్కొక్క మెట్టూ ఎక్కడానికి ఏళ్ళు పడతాయి. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం అట్టడుగు మెట్టున ఏడాది జీతం 19,800 డాలర్లు, అందరికన్నా పైన ఉన్న ట్రిపుల్-ఎలో 35,800. ఆ దేశపు ఖర్చులకు అది చాలీచాలని సొమ్ము. మేజర్ లీగ్ గడప దాటిన రోజు నుంచి మాత్రం, 2025 లెక్కన, ఏడాదికి కనీసం 7,60,000 డాలర్లు, అంటే మన డబ్బులో ఆరు కోట్లకు పైమాటే. ఆ గడపకు ఇవతలే ఎక్కువమంది కథ ముగిసిపోతుంది. రెండు లక్షలు అడిగినాయన గురించి ఒక్క మాట చాలు: క్లబ్బుకు కావలసిన చెయ్యి దొరికితే ఆటగాడికి క్లబ్బే ఎదురు డబ్బిస్తుంది.

మీ అబ్బాయి ఎడమ చేతికి ఆ ఆటలో నిజంగానే గిరాకీ ఉంది. ఎడమచేతి పిచర్ నిలబడినప్పుడు అతని ముఖం మొదటి బేస్ వైపు, అంటే పరుగు తీసేవాడు ఆగే మొదటి మజిలీ వైపు ఉంటుంది, కనుక అక్కడ నిలిచిన ఎదుటి జట్టు ఆటగాడు కన్నుగప్పి తరువాతి బేస్‌కు సులువుగా పరుగెత్తలేడు. ఎడమచేతి బ్యాటర్లకు అతని బంతి వీపు వెనుక నుంచి వస్తున్నట్టుగా కనిపిస్తుంది. మీ అమ్మగారికి ఈ సంగతి చదివి వినిపించండి. అయితే రాయి దూరం విసరడం వేరు, పిచర్ పని వేరు. మా బంధువు ఒకరు తెచ్చిన బేస్‌బాల్‌ను మా కార్యాలయం కింద ఉన్న కంసాలి త్రాసులో వేయిస్తే 145 గ్రాములు తూగింది. అదే త్రాసులో క్రికెట్ బంతి 158. తేలికే కదా అని చేతిలోకి తీసుకుంటే, చుట్టూ తిరిగిన ఎర్రదారం కుట్టు వేలికొసకు గరుకుగా తగులుతుంది. లెక్కపెడితే సరిగ్గా అష్టోత్తరం, 108. ఆ కుట్టు మీద రెండు వేళ్ళు అడ్డంగా ఆనించి వదిలితే బంతి తిన్నగా దూసుకుపోతుంది. వేళ్ళను కొద్దిగా పక్కకు జరిపి మణికట్టు తిప్పితే చివరలో కిందికి జారుతుంది. పరుగెత్తుకు వచ్చే వీలు లేదు. 10 అంగుళాల ఎత్తు మట్టిదిబ్బ మీద, ఒక రబ్బరు పలకకు కాలు ఆనించి, 18.44 మీటర్ల దూరంలోని బ్యాటరు మోకాలి నుంచి ఛాతీ మధ్య దాకా ఉన్న ఊహాగవాక్షంలోకి బంతి పంపాలి. పరుగు ఇవ్వవలసిన ఊపు కూడా నడుము, భుజం, మోచెయ్యి మీదే పడుతుంది.

నొప్పి తగ్గి డాక్టరు సరే అన్నాక, ఆ చేతిని జావెలిన్ మైదానంలో కూడా ఒకసారి పరీక్షించి చూడండి. పూరీ జిల్లా పల్లెలో పుట్టిన కిశోర్ జెనా హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 87.54 మీటర్లు విసిరి రజతం తెచ్చాడు. మన బరంపురం కాటులు రవికుమార్ బరువులెత్తి 2010 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచాడు. ఈ ఆటలకు మన రాష్ట్రంలో శిక్షకులూ, కోటా ఉద్యోగాలూ ఉన్నాయి. జావెలిన్ మోచేతికి హాని చేయదని మాత్రం అనుకోవద్దు, నీరజ్ చోప్రాకు 2019లో మోచేతి శస్త్రచికిత్సే జరిగింది. ఆ ఖాతా పుస్తకం అక్కడికీ వెంట తీసుకువెళ్ళవలసిందే.

ప్రశ్న: మా మనవడు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఫోనులో తెల్లవారుజామున నాలుగున్నరకు బేస్‌బాల్ పెట్టి నన్ను కూడా కూర్చోబెట్టాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో, చక్కగా వేస్తున్న పిచర్‌ను ఆరో ఇన్నింగ్స్‌లో పంపించేశారు. మరునాడు, ఆ మరునాడు కూడా ఆయన పత్తా లేదు. నాలుగు రోజులు కూర్చున్నందుకు కూడా జీతం ఇస్తారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: ఇస్తారు మాస్టారూ, ఆ కూర్చోవడానికే ఎక్కువ ఇస్తారని కూడా అనవచ్చు. మొదట దిగే పిచర్లు ప్రతి జట్టులో సాధారణంగా ఐదుగురు ఉంటారు, ఐదు రోజులకొకసారి వంతు వస్తుంది. 162 మ్యాచ్‌ల సీజనులో ఒక్కొక్కరూ ముప్ఫై దాకా ఆడతారు. సుమారు వంద బంతులు పడేసరికి చెయ్యి అలసిపోతుంది. పైగా అదే బ్యాటరు మూడోసారి ఎదురుపడే వేళకు ఈయన బంతుల తీరు అతనికి కంఠతా వచ్చేస్తుంది. మీరు చూసిన ఆరో ఇన్నింగ్స్ రహస్యం ఇదే. మధ్య రోజులలో పరుగు, కసరత్తు, ఒక రోజు తేలికగా బంతులు వేయడం, రాబోయే జట్టు బ్యాటర్ల వీడియోలు చూడడం ఉంటాయి. పూర్వం ఇలా ఉండేది కాదు: 1911లో విరమించిన సై యంగ్ 511 విజయాలు సాధించాడు, మొదలుపెట్టిన మ్యాచిని చివరిదాకా తానే వేసిన సందర్భాలు అతనికి 749 ఉన్నాయి. ఆ రెండు అంకెలనూ ఇకమీదట ఎవరూ అందుకోలేరు.

చివరి ఇన్నింగ్స్‌కు మాత్రమే దిగి, ఉన్న ఆధిక్యం జారిపోకుండా కాపాడేవారు వేరే ఉంటారు. వారిలో పెద్దపేరు మరియానో రివేరా. పనామా దేశంలో చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, అట్టముక్కతో గ్లోవు చేసుకుని ఆడినవాడు. గోపాలపురం తీరాన మన జాలరి పిల్లలు కొబ్బరి మట్టతో క్రికెట్ ఆడడం చూసినవారికి ఆ చిత్రం వెంటనే కళ్ళకు కడుతుంది. చివరి క్షణంలో పక్కకు కోసుకుపోయే ఒక రకం బంతినే ఎక్కువగా నమ్ముకుని న్యూయార్క్ యాంకీస్‌కు 19 సీజన్లు ఆడి 652 సార్లు జట్టు ఆధిక్యాన్ని నిలబెట్టాడు. 2019లో ఆ ఆట గౌరవ మందిరానికి ఓటేసినవారిలో ఒక్కరు కూడా అతన్ని కాదనలేదు. అంతకుముందు ఏ ఆటగాడికీ అలా జరగలేదు. ఆయన రోజు పని తరచుగా పదిహేను, ఇరవై బంతులే.

ప్రశ్న: నేను ఫిజియోథెరపీ చదువుతున్నాను. పిచర్ మోచేతిలో లిగమెంటు తెగితే చేతిలోని ఒక టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటిది, తీసి అక్కడ వేస్తారని మా తరగతిలో చెప్పారు. అలా వేశాక మునుపటిలా ఆడగలరా? చేయించుకుంటే వేగం పెరుగుతుందని మా స్నేహితురాలు అంటోంది.
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: అమ్మాయీ, బొటనవేలును చిటికెన వేలికి తాకించి మణికట్టును కొద్దిగా లోపలికి వంచి చూడు. మణికట్టు మధ్యలో తాడులా ఒకటి పైకి తేలితే, తీసి వేసేది చాలాసార్లు దానినే. అది పుట్టుకతోనే లేనివారూ ఉంటారు, లేకపోయినా చేతి పనికి లోటు రాదు. అందుకే దానిని ధైర్యంగా తీస్తారు. 1974 సెప్టెంబరు 25న లాస్ ఏంజెలిస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే ఎడమచేతి పిచర్‌కు ఈ శస్త్రచికిత్స మొదటిసారి చేసినప్పుడు, మళ్ళీ ఆడే అవకాశం నూటికి ఒక పాలు అన్నాడు. టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడు. అతని 288 విజయాలలో 164 ఆ తరువాతివే. అతనికన్నా ముందటి పిచర్ శాండీ కూఫాక్స్‌కు వచ్చింది వేరే జబ్బు, మోచేతి కీళ్ళవాతం. దానికి దారి దొరకక, 1966లో, 27 విజయాలు సాధించిన ఏడాదే, ముప్ఫై ఏళ్ళకే ఆట మానుకున్నాడు.

ఇప్పుడు చాలామంది తిరిగి వస్తున్నారు గానీ ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఒకసారి చేసినది మళ్ళీ చెడవచ్చు కూడా: షోహెయ్ ఒతాని అనే జపాను ఆటగాడికి 2018లోను, మళ్ళీ 2023లోను మోచేతి శస్త్రచికిత్స జరిగింది. బ్యాటు కూడా తెలిసినవాడు కనుక 2024 సీజనంతా బ్యాటరుగానే ఆడి, 2025 జూన్‌లో మళ్ళీ దిబ్బ ఎక్కాడు. మిగతా పిచర్లకు ఆ వెసులుబాటు ఉండదు. వేగం పెరుగుతుందన్నది అపోహ. ఆ ఏడాదంతా చేయించే కాళ్ళ, నడుము, భుజాల కసరత్తు వల్ల కొందరికి అలా అనిపించవచ్చు. ఆ కసరత్తుకు కత్తిగాటు అక్కరలేదు.

నీ చదువుకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆర్.ఎ. డికీ అనే కుర్రవాడితో 1996లో టెక్సాస్ రేంజర్స్ 8,10,000 డాలర్లకు మాట అనుకుంది. ఒక పత్రిక ముఖచిత్రంలో అతని కుడి చెయ్యి వేలాడిన తీరు చూసి క్లబ్బు శిక్షకుడికి అనుమానం వచ్చింది. పరీక్ష చేయిస్తే మోచేతిలో ఆ లిగమెంటే లేదని తేలింది, మాట 75,000కు దిగిపోయింది. ఏళ్ళ తరబడి కింది మెట్ల మీద తిరిగాక అతను వేగాన్ని వదిలి, తిరగకుండా గాలిలో ఊగుతూ వచ్చే ‘నకిల్‌బాల్’ అనే బంతి నేర్చుకున్నాడు. 2012లో ముప్ఫై ఏడేళ్ళ వయసున 20 విజయాలు సాధించి, నేషనల్ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ బహుమతి అందుకున్నాడు. అతని ఎంఆర్ఐ చిత్రం ఎక్కడైనా దొరికితే మీ మాస్టారికి చూపించి, తెగడానికి ఏమీ లేని మోచెయ్యి అంత బరువు ఎలా మోసిందో అడుగు. ఆయన చెప్పిన జవాబు మాకు రాస్తే వచ్చే సంచికలో వేస్తాము.