చిన్నప్పటి ఊరు చూడాలంటే పండగ లేని రోజు వెళ్లండి

"చాలా ఏళ్ల తర్వాత పెరిగిన ఊరికెళ్లి చిన్నప్పటి చోట్లన్నీ తిరిగి చూసినవాళ్లు ఎలా అనిపించిందో చెప్పండి" అని అడిగారు కదా. మాది విజయనగరం. పదో తరగతి దాకా కోటకు దగ్గర్లో ఒక సందులో అద్దెకుండేవాళ్లం. తర్వాత నాన్నకి బదిలీ అయింది. చదువూ ఉద్యోగం అంటూ నేనూ ఎక్కడెక్కడో తిరిగి ఇప్పుడు హైదరాబాద్‌లో తేలాను.

మధ్యలో అసలు వెళ్లలేదని కాదు. నాలుగైదుసార్లు వెళ్లాను, అన్నిసార్లూ సిరిమానుకే. తెలియనివాళ్ల కోసం చెప్తాను. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారికి జరిగే ఉత్సవం అది. ముందురోజు జరిగే వేడుకని తొలేళ్లు అంటారు. 50, 60 అడుగుల చింతమాను చివర పూజారి కూర్చుంటాడు. ఆ మానును మూడులాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం, అన్నీ దాంతోపాటే ఊరేగుతాయి. జనం మాను మీదికి అరటిపళ్లు విసురుతారు. ఆ రోజు ఊరు కనిపించదు, తలకాయలే కనిపిస్తాయి. చుట్టాలింట్లో దిగడం, ఎవరి మేడ మీంచో చూడటం, రాత్రికి రైలెక్కేయడం. ఊరు చూసొచ్చానని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ణి.

మొన్న ఫిబ్రవరిలో ఒక పెళ్లికి విశాఖ వెళ్లాను. మర్నాడు ఖాళీ దొరికింది. పొద్దున్నే బస్సెక్కేశాను. పండగ లేదు, పబ్బం లేదు, ఉత్త బుధవారం. కాంప్లెక్స్‌లో దిగి ఆటో ఎక్కి "మూడులాంతర్లు" అన్నాను. ఆటో అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. పాత లాంతర్ల స్తంభాన్ని 2020లో తీసేసినప్పుడు ఊళ్లో ఎంత గొడవైందో నేను ఫోన్లో చదివి బాధపడ్డాను. ఆ అబ్బాయి మాత్రం "అదెందుకు తీసేసినారో నాకూ తెలీదు సార్, దిగండి" అన్నాడు.

చదురుగుడి ముందు దణ్ణం పెట్టుకుని కోట వైపు నడిచాను. ఇదే సిరిమాను తిరిగే దారి. చిన్నప్పుడు మామ్మ పక్కన మేడ మీద నిలబడి, మాను ఎప్పుడొస్తుందా అని మెడ నొప్పెట్టేదాకా చూసేవాణ్ణి. ఆ దారి నా లెక్కలో మైళ్ల పొడుగు. ఆ రోజు తాపీగా నడిస్తే పన్నెండు నిమిషాలు పట్టింది, అందులో రెండు నిమిషాలు మురీ మిక్చర్ కొనుక్కోవడానికి పోయాయి. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజు పోయాడని తెలిసి పైడితల్లి పెద్దచెరువులో కలిసిపోయిందని, తర్వాత అమ్మవారిగా వెలిసిందని మామ్మ కథ చెప్పేది. ఆ కథ చెప్పకుండా ఒక్క సిరిమానూ వెళ్లలేదు. అన్న పోయాడన్న చోట ప్రతిసారీ గొంతు తగ్గించేది.

సంగీత కళాశాల మీదుగా వెళ్లాను. 1919లో పెట్టారు దాన్ని. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల గారు చదువుకున్నదీ అక్కడే. బడికెళ్లేటప్పుడు రోజూ ఆ గోడ పక్కనుంచే వెళ్లేవాళ్లం, ఎవరో ఒకరు సరళీ స్వరాలు పాడుతూ ఉండేవాళ్లు. వాళ్లని వెక్కిరిస్తూ మేమూ పాడేవాళ్లం. దాంతో నాకు సంగీతం రాకపోయినా సరళీలు మాత్రం వచ్చేశాయి. ఆ రోజూ లోపల ఎవరో వయొలిన్ సాధన చేస్తున్నారు. ఒకే ముక్క, మళ్లీ మళ్లీ తప్పుతూ. అయ్యకోనేరు దగ్గర ఎక్కువసేపు ఆగలేదు, ఎండ మండిపోతోంది.

మా సందులో ఇల్లు లేదు. అక్కడ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది, కింద పార్కింగ్. మన కాలమైపోయిందనో, గుండె బరువెక్కిందనో రాయాలని ఉంది కానీ, నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ అనిపించలేదు. అద్దె ఇల్లే కదా! అంతకంటే నవ్వొచ్చిన సంగతి సందు మొదట్లో టైలర్ గారిది. నా నిక్కర్లన్నీ కుట్టింది ఆయనే. మిషను అదే, కళ్లద్దాలు మాత్రం లావయ్యాయి. "గుర్తుపట్టారా?" అన్నాను. "అయ్యో, గుర్తు లేకపోవడమేటి బాబూ! అమ్మా నాన్నా కులాసాయేనా?" అని స్టూలు వేశాడు. పావుగంట కబుర్లు చెప్పాడు, టీ తెప్పించాడు. నేను లేచేటప్పుడు నెమ్మదిగా అడిగాడు: "ఇంతకీ ఏ వీధి బాబూ మీది?"

ఆయన మీద కోపం రాలేదు. నేనూ అంతేగా, ఆయన పేరు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మీరు వెళ్లే ఉద్దేశంలో ఉంటే నాదొక సలహా. గుడీ, కోటా ఎలాగూ చూస్తారు. వాటికంటే ముందు, అమ్మ మిమ్మల్ని చిన్నప్పుడు ఏ పని మీద పంపేదో ఆ దారిన నడవండి. నన్ను కాఫీపొడికి పంపేది. డబ్బులు పిడికిట్లో, "పావుకిలో, చికోరీ ఎక్కువ వెయ్యొద్దను" అన్న మాట నోట్లో. అప్పుడే ఆడించిన పొడి పొట్లాం వేడిగా ఉండేది. చలికాలం దాన్ని చొక్కా లోపల పెట్టుకుని పరిగెత్తేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి బనీను మీద గోధుమరంగు మరక, దానికి తిట్లు. బుర్రకి గుర్తులేని మలుపులు కాళ్లకి గుర్తున్నాయి. గంటస్తంభం దగ్గర ఎవరినీ అడక్కుండానే కుడి వైపు తిరిగేశాను.

కొట్టు ఉంది! మనుషులు మారారు, మర కొత్తది, వాసన మాత్రం అదే. కౌంటర్లో అమ్మాయి "చికోరీ ఎంత సార్?" అంది. నోట మాట రాలేదు. "ఎక్కువ వెయ్యొద్దు" అనడమే తెలుసు నాకు, ఆ ఎక్కువ ఎంతో ఎప్పుడూ అడగలేదు. అమ్మకి ఫోన్ చేశాను. ఎక్కడున్నావనీ అడగలేదు, ఎందుకనీ అడగలేదు. "పదిహేను" అంది. "పావుకిలో ఏం సరిపోతుందిరా, అరకిలో తీసుకో."

తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తగరపువలస దాటేదాకా పొట్లాం వెచ్చగానే ఉంది.