ఇష్టమైన ఆల్బమ్ మన పాటల్లోకి ఎలా చేరుతుంది?

ఒకే ఆల్బమ్ పదేపదే వింటే సొంత పాటలూ అలాగే వస్తున్నాయి, వినడం మానేయాలా అన్నది ప్రశ్న. అక్కర్లేదు. అందులోంచి ఏం తీసుకుంటున్నారో చూసుకుంటే చాలు.

బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్ 1965 డిసెంబరులో తెచ్చిన 'రబ్బర్ సోల్' నుంచి అమెరికన్ బ్యాండ్ బీచ్ బాయ్స్‌లో పాటలు రాసే బ్రయాన్ విల్సన్ తీసుకున్నది బాణీలు కాదు, ఆల్బమ్‌లో ఒక్క పాటా భర్తీ సరుకు కాకూడదన్న పంతం. 1966లో బీచ్ బాయ్స్ ఆల్బమ్ 'పెట్ సౌండ్స్' అలా వచ్చింది. దాన్ని విన్న బీటిల్స్ బేస్ గిటారిస్టు పాల్ మెకార్ట్నీకి నచ్చినవాటిలో బేస్ గిటార్ నడక ఒకటి. సి మేజర్ కార్డ్ (సి, ఈ, జి అనే మూడు స్వరాల కలయిక) మోగుతుంటే బేస్ సి దగ్గరే కూర్చోదు, 'ఈ' మీదో 'జి' మీదో నిలుస్తుంది. కార్డ్ అదే, పాట మాత్రం గాల్లో వేలాడినట్టుంటుంది. ఆ ప్రభావం 1967 నాటి బీటిల్స్ ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్స్'లో తెలుస్తుంది.

మీరూ ఒక పాటను కాగితం మీద విప్పండి: పల్లవి ఎన్ని బార్‌లు (తాళం ఆవర్తాలు), ప్రాస ఎక్కడ, బేస్ ఏ స్వరం మీద. ఒక్కటి ఉంచుకుని టెంపో (వేగం), స్కేలు (స్వరాల వరుస), విషయం మార్చేయండి. కార్డ్‌ల వరుసా లయా రెండూ ఉంచుకుంటే నోరు పాత బాణీలోకే జారుతుంది. ఇంకో తప్పు, సొంత మాటలు దొరికేదాకా పాత పాట మాటల్నే డమ్మీగా పెట్టుకోవడం. మాత్రల లెక్క అక్కడే బిగుసుకుపోతుంది. ఉత్త 'తననా'లు మేలు.

రెండు రోజులాగి మీ పల్లవిని అసలు పాట మీద పాడి చూడండి. అతికినట్టు సరిపోతే ముందు మార్చాల్సింది బాణీ.