మెసొలోంగీలో చేప జనకు మైనం పూత ఎందుకు?

గాలి తగలకుండా ఉండటానికి. పశ్చిమ గ్రీసులో పాత్రా సింధుశాఖకు ఉత్తరాన ఉన్న ఈ ఊరి చుట్టూ మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు ఉంది. చాలాచోట్ల నడుము లోతే. అందుకే మత్స్యకారుల గుడిసెలు నీళ్లలోనే గుంజల మీద నిలబడతాయి. వాటిని పెలాదా అంటారు.

వేసవి చివర్లో గుడ్లు పెట్టడానికి మల్లెట్ చేపలు సముద్రం వైపు కదులుతాయి. దారికి అడ్డంగా కట్టిన దడుల్లో వాటిని పడతారు. ఆడచేప కడుపులోంచి జంట జనను పొర చిరగకుండా తీయడమే అసలు పనితనం. చిరిగితే గుడ్లు చెదిరి, ఉప్పు లోపలికి దిగి ఆ ముక్క పాడవుతుంది. కళ్లుప్పులో కొన్ని గంటలుంచి, కడిగి, అదిమి, గాలికి ఆరబెడతారు. ఎక్కువ ఆరితే గట్టిపడి పొడిపొడిగా రాలుతుంది. ఆపైన కరిగించిన తేనెమైనంలో పలుమార్లు ముంచుతారు. పూతలో సన్నని పగులున్నా గాలి తగిలి జనలోని నూనె కంపు కొడుతుంది.

దీని పేరు అవ్గోతారహో. తినేముందు మైనం ఒలిచి, పల్చగా కోయాలి. వండకండి, రుచి పోతుంది.

ఉప్పు కూడా ఇక్కడిదే: గ్రీసులోకెల్లా పెద్ద ఉప్పు మడులు ఊరి పక్కనే ఉన్నాయి.