మిరపకాయది కారమా, ఘాటా?

సందేహం: మేడ మీద రెండు కుండీలలో నాగమిరప వేశాను. విత్తనం మొలవడానికే మూడు వారాలు పట్టింది గాని ఇప్పుడు కాపు బాగా ఉంది. చుట్టాలందరికీ ఫోటో పంపి ‘ఈ కాయ చాలా ఘాటు’ అని రాశాను. మా మేనత్త వెంటనే ‘మిరపకాయకి గాటేటిరా? కారం అనాల. గాటు ఆవకి, సుట్టకి’ అని సరిదిద్దింది. మర్నాడు పోపులో ఆ కాయ ముక్క ఒకటి పడేసరికి అదే అత్త ‘ఓలమ్మ, ఏం గాటో!’ అంటూ వంటింట్లోంచి బయటికి వచ్చేసింది. ఇందులో ఏది సరైన మాట? ఇలాంటి కాయలను ‘అతిఘాటు మిరప’ అనవచ్చా? కొందరు ‘దెయ్యం మిరప’ అంటున్నారు, అది సరేనా? కాయలు ఎండబెట్టి పొడి కొట్టి బంధువులకు ఇద్దామనుకుంటున్నాను. సీసా మీద ఏమని రాయాలి? – ఒక చదువరి, నరసన్నపేట

సమాధానం: మీ మేనత్తగారు రెండుసార్లూ సరిగ్గానే మాట్లాడారు. మొదటిసారి ఆమె చెప్పింది కాయ గుణం. రెండోసారి చెప్పింది ఆ కాయ నూనెలో పడ్డాక గాలిలో కలిసి ఆమె ముక్కును చేరిన దాని సంగతి. ఈ రెండింటికీ తెలుగులో రెండు వేరువేరు మాటలు ఉన్నాయి. వాటిని ఒకదానికి బదులు ఒకటిగా వాడడం ఈ మధ్య పత్రికలలోనూ వంటల వీడియోలలోనూ ఎక్కువవుతున్నది గనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఒక మాట అర్థం తేల్చుకోవలసినప్పుడు దాని పక్కన ఏ క్రియ వచ్చి చేరుతుందో చూడడం మంచి పద్ధతి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం నోట పలికేదాన్ని చెవి పెట్టి వినడమే భాష తెలుసుకునే దారి అని జీవితమంతా చెప్పారు. సవరల భాషను కూడా ఆయన సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. ఆ దారిలోనే వినండి. కారం తగులుతుంది, అంటుతుంది. ఘాటు వస్తుంది, కొడుతుంది, ముక్కుకెక్కుతుంది. ‘కూరలో కారం తగిలింది’ అంటాం గాని ‘కారం కొట్టింది’ అనం. ‘పక్కింటి నుంచి ఘాటు వస్తోంది’ అంటాం గాని ‘పక్కింటి నుంచి కారం వస్తోంది’ అంటే, వాళ్ళు గిన్నెలో పోసి కారప్పొడి పంపుతున్నారనే అర్థమవుతుంది. అంటే కారం తాకితే తెలిసేది, ఘాటు ప్రయాణం చేసి వచ్చేది. ‘నసాళానికంటింది’ అనే పలుకుబడిలో మాత్రం ఈ గీత చెరిగిపోతుంది. దాన్ని కారానికీ వాడతాం, ఆవకూ వాడతాం.

ఈ భేదం కేవలం మాటల్లోనే లేదు, పదార్థాల్లోనే ఉంది. మా విజయనగరం వైపు ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్న వాళ్ళెవరికైనా ఇది అనుభవమే. ముద్ద నోట్లో పెట్టుకున్న వెంటనే ఏమీ ఉండదు. రెండు క్షణాల తరవాత ముక్కు వెనక నుంచి ఒక పోటు పైకి లేచి, కళ్ళలో నీళ్ళు తిరిగి, అంతలోనే పోతుంది. ఆవాలను తడిపి నూరినప్పుడు పుట్టే నూనె గాలిలోకి తేలిగ్గా లేచేది కావడమే దీనికి కారణం. ఉల్లిపాయ కోసినప్పుడు కళ్ళు మండడానికీ, చుట్ట పొగకు గొంతు పట్టుకోవడానికీ కూడా గాలి మీద వచ్చేదే మూలం. అందుకే మీ అత్తగారు ఆవనూ చుట్టనూ ఒక చోట చేర్చారు. అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని పొగ తాగే ముసలమ్మలను చూస్తూ పెరిగిన సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్ళకు చుట్ట ఘాటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

మిరపకాయ సంగతి అలా కాదు. దాని కారానికి మూలమైన క్యాప్సైసిన్ అనే పదార్థానికి వాసన లేదు. అది దానంతటది గాలిలోకి లేవదు. గింజలలో ఉంటుందని మనం అనుకుంటాం గాని, అది పుట్టేది గింజలు అంటుకొని ఉండే తెల్లని పొరలో. గింజకు ఉన్నది ఆ పొర నుంచి అంటుకున్న కారమే. కిందటేడు ఒక బంధువు నాకు నాలుగు నాగమిరప పళ్ళు ఇచ్చారు. ఒకదాన్ని కత్తితో నిలువునా చీల్చి, ముక్కుకు జానెడు దూరంలో పట్టుకొని చాలాసేపు వాసన చూశాను. పండిన పండు వాసన, కొంచెం పులుపు కలిసినట్టుగా, హాయిగా వచ్చింది. ముక్కులో ఏమీ గుచ్చుకోలేదు. లోపలి పొర నుంచి మాత్రం పసుపుపచ్చని నూనె చుక్కలు చెమటలాగా పట్టి ఉన్నాయి. అదే ముక్కను కాగిన నూనెలో వేసేసరికి గదిలో ఉన్న ముగ్గురమూ దగ్గుతూ బయటికి వచ్చాము. వేడి నూనె పొగతో పాటు ఆ పదార్థం కూడా సన్నని తుంపరగా గాలిలోకి లేచింది. చేతిలో ఉన్నప్పుడు కారంగా ఉన్నదే మూకుడులో ఘాటైంది. మీ ఇంట్లో జరిగిందీ ఇదే.

మూడో మాట ‘మంట’. చేతికి తొడుగు లేకుండా ఆ కాయలు కోసి, మరిచిపోయి కన్ను నులుముకున్న వాళ్ళు ‘నా కన్ను కారంగా ఉంది’ అనరు. ‘కన్ను మండుతోంది’ అంటారు. కారం కాయకు చెందినది, మంట మనిషికి చెందినది. ఈ తేడా పాటిస్తే చాలా వాక్యాలు వాటంతటవే చక్కబడతాయి. ‘మజ్జిగ తాగితే కారం తగ్గింది’ అని రాస్తున్నారు, తగ్గింది మంట. మంచినీళ్ళు తాగితే ఆ మంట తగ్గకపోవడానికి కారణం క్యాప్సైసిన్ నీళ్ళలో కరగకపోవడం. పాలలోనూ మజ్జిగలోనూ ఉండే కేసీన్ అనే మాంసకృత్తి దాన్ని పట్టుకొని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. కూరలో కొబ్బరిపాలు పోసినప్పుడు మాత్రం ‘కారం తగ్గింది’ అనడమే సరైనది, ఎందుకంటే అక్కడ తగ్గింది కూర గుణం.

ఇక ‘కారం’ పుట్టుక చూద్దాం. బ్రౌన్ నిఘంటువు దీన్ని సంస్కృతం ‘క్షారము’ నుంచి వచ్చినదిగా చెప్పింది. పక్షి ‘పక్కి’ అయినట్టు, రాక్షసుడు ‘రక్కసుడు’ అయినట్టు క్షారము ‘కారము’ అయింది. క్షారమంటే బూడిద, చౌడు, సున్నం వంటి వాటిలో ఉండి చర్మాన్ని కొరికే గుణం. దీనికి మన ఊళ్ళలోనే ఒక సాక్ష్యం ఉంది. కంసాలి బంగారాన్ని అతికేటప్పుడు వాడే తెల్లని పొడిని ‘వెలిగారం’ అంటారు. వెలి అంటే తెల్లని. వెలి, తామర కలిసి ‘వెలిదామర’ అయినట్టే వెలి, కారము కలిసి ‘వెలిగారము’ అయింది. ఆ పొడిలో మిరపకాయ రుచి ఏమీ లేదు. అందులోని కారం పాత కారం, అంటే క్షారం. తగిలిన చోట కొరికేదనే ఆ తొలి అర్థమే ‘కారం తగిలింది’ అనే మన వాడుకలో ఇప్పటికీ వినిపిస్తున్నదని నా అభిప్రాయం. షడ్రసాలలో దీని పేరు సంస్కృతంలో ‘కటు’. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిపితే త్రికటుకం. కటు అంటే చేదని చాలామంది పొరబడుతున్నారు. చేదుకు సంస్కృతంలో ‘తిక్తం’ అని వేరే మాట ఉంది.

మిరపకాయ ఈ నేల మీదికి వచ్చింది చాలా ఆలస్యంగా. అమెరికా ఖండాల మొక్క ఇది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ద్వారా మనకు చేరింది. అంతకు ముందు వంటలో కారానికి మిరియమే ఆధారం కనుక, కొత్త కాయకు పాత దినుసు పేరే పెట్టారు. తమిళులు ‘మిళగు’ నుంచి ‘మిళగాయ్’ అన్నారు, కన్నడిగులు ‘మెణసు’ నుంచి ‘మెణసినకాయి’ అన్నారు, మనం ‘మిరియపు కాయ’ను నలిపి ‘మిరపకాయ’ చేసుకున్నామని చెప్పడం సబబుగా ఉంటుంది. సమాసంలో ముందున్న మాట చివరి ‘ము’ పోయి ‘పు’ రావడం చిన్నయసూరి చెప్పిన సంగతే. కారము, పూస కలిసి ‘కారపు పూస’ అయి, నోట్లో నలిగి ‘కారప్పూస’ కావడమూ అదే తోవ. కోపంతో ఊగిపోయేవాడు ‘కారాలూ మిరియాలూ నూరుతున్నాడు’ అంటాం. ఆ పలుకుబడిలో మిరియానికి దాని పాత పెద్దరికం ఇంకా మిగిలి ఉంది.

మీ ఉత్తరంలో అత్తగారి మాటను ‘గాటు’ అని రాశారు. ఆమె పలికినట్టు రాయడం మంచిదే, మన వైపు ఒత్తులు తేలిపోతాయి. మీ సొంత వాక్యంలో మాత్రం ఒత్తు ఉంచండి. ‘గాటు’ అంటే కత్తితో పెట్టిన కోత. బజ్జీల మిరపకాయకు నిలువుగా గాటు పెడతాం. ఆ గాటులో వాము పొడి కూరుతాం. గాటు పెట్టిన కాయను నూనెలో వేస్తే ఘాటు వస్తుంది. ఒక్క ఒత్తు తప్పితే ఈ వాక్యంలో చెప్పదలచుకున్నది పోతుంది.

ఇంకొక తప్పు కూడా ఇక్కడే చెప్పాలి, ఇది నన్ను బాధపెట్టే తప్పు. దుకాణాలలో దొరికే సీసాల మీదా పొట్లాల మీదా ‘వేడి మిరప సాస్’ అని తెలుగులో అచ్చువేస్తున్నారు. ఇంగ్లీషులో వేడికీ కారానికీ ఒకటే మాట కావడం వల్ల వచ్చిన అనువాదం ఇది. శరీరశాస్త్రం ప్రకారం ఆ రెండింటికీ చుట్టరికం ఉన్న మాట నిజమే: క్యాప్సైసిన్ వెళ్ళి తగిలే గ్రాహకమే సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడినీ పసిగడుతుంది, దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో పాలు దక్కింది. అయితే తెలుగు ఆ చుట్టరికాన్ని ‘మంట’ అనే మాటలో ఎప్పుడో చెప్పుకుంది. పొయ్యిలోదీ మంటే, నోట్లోదీ మంటే. మనకు ‘వేడి’ అంటే కాక, లేదా ఒంటికి వేడి చేయడం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని సీసా మీద ‘వేడి’ అని చదివి ఏ తెలుగువాడూ కారం అని అర్థం చేసుకోడు.

ఇప్పుడు మీరు అడిగిన ‘అతిఘాటు మిరప’. పైన చెప్పినదాన్ని బట్టి అది కుదరదు; ‘మహాకారపు మిరప’ అనండి. ఇళ్ళలో ‘చెడ్డ కారం’ అంటారు, అదీ మంచి తెలుగే, రాతలో కూడా వాడవచ్చు. కారాన్ని అంకెలలో చెప్పే కొలత ఒకటి అమెరికా ఔషధశాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ 1912లో ఏర్పరచాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవారి నాలుకకు తగలకుండా పోయేదాకా ఎన్ని రెట్లు పలచన చేయవలసి వచ్చిందో ఆ అంకెను లెక్కకు తీసుకున్నాడు. నాలుకకు తగలడం మీద ఆధారపడిన కొలత కనుక దీన్ని ‘స్కోవిల్ కారపు కొలత’ అనాలి, ‘ఘాటు కొలత’ అనడం పొరపాటు. గుంటూరు సన్నం ఈ కొలతలో సుమారు 35,000 నుంచి 40,000 దాకా తూగుతుంది. మీ కుండీలోని మిరపకు దగ్గరి జాతి అయిన భూత్ జొలోకియా 10,00,000 దాటి 2007లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ తరవాత దాన్ని మించినవి వచ్చాయి. 2023లో నమోదైన పెప్పర్ ఎక్స్ సగటున 26,93,000.

‘దెయ్యం మిరప’ అనకండి. జొలోకియా అంటే అస్సామీలో మిరప. దాని ముందున్న ‘భూత్’ అనే మాటను భూతంగా తీసుకొని ఇంగ్లీషు వాళ్ళు ‘ఘోస్ట్ పెప్పర్’ అని పేరు పెట్టారు. అది భూటాన్‌ను సూచించే ‘భోట్’ అని చెప్పే వారూ ఉన్నారు. సందేహమున్న పేరును మరొక భాష నుంచి అరువు తెచ్చుకొని అనువదించడం అనవసరం. ‘నాగమిరప’ ఇప్పటికే మన నోటికి అలవాటైన పేరు. ఇందులోని నాగ శబ్దం నాగాలాండ్ ప్రజల పేరు, పాముకు సంబంధించినది కాదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మాట చెప్పండి.

చివరిది సీసా సంగతి. తెలుగులో ‘కారం’ అంటే గుణమూ అవుతుంది, పొడీ అవుతుంది, కరివేపాకు కారం వంటి తినే పదార్థమూ అవుతుంది. సీసా మీద ఉత్త ‘కారం’ అని రాస్తే, మీ బంధువులు దాన్ని చోడి అంబలిలో నంజుకునే కారంగానో, వేడి అన్నంలో నెయ్యి వేసి కలుపుకునే కారంగానో తీసుకొని చెంచాడు వడ్డించుకునే ప్రమాదం ఉంది. ‘నాగమిరప కారం’ అన్నా ఆ భ్రమ పూర్తిగా పోదు. ‘నాగమిరప పొడి’ అని పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద ‘మహాకారం, కూర మొత్తానికి చిటికెడు చాలు, ముట్టుకున్న చెయ్యి మండుతుంది’ అని చేర్చండి.