“మేం కర్ఫ్యూలో ఉంటే మీరు చేపలు చూశారు”

విజయనగరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, క్లుప్తంగా ఇస్తున్నాను.

“మాకు 2013 వేసవిలో పెళ్లయింది. ఆ అక్టోబరులో అండమాన్ వెళ్లాం. టికెట్లు చాలా ముందుగానే తీసుకున్నాం. హేవ్‌లాక్ దీవిలో స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగి చేపల్నీ అవీ చూడటం) చేయాలని మా వారికి కాలేజీ రోజుల నుంచీ కోరిక. మేం అక్కడ ఉండగానే ఇక్కడ గొడవలు ముదిరి కర్ఫ్యూ పెట్టారు. మావయ్యగారి బట్టల కొట్టు అద్దాలు పగలగొట్టారు. కొట్టునీ ఇంటినీ బావగారు ఒక్కరే చూసుకున్నారు. మావయ్యగారికి షుగర్. కరెంటు లేక, ఆయన ఇన్సులిన్‌ని బావగారు కొత్త కుండలో తడిగుడ్డ వేసి దాచారని తోటికోడలు ఒకసారి మాటల్లో అంది. అప్పటి నుంచీ ఏ చిన్న మాట వచ్చినా ‘మేం కర్ఫ్యూలో ఉంటే మీరు చేపలు చూశారు’ అంటారు బావగారు. రెండేళ్ల కిందట మావయ్యగారు పోయారు. మొన్న పంపకాల దగ్గర, పెద్దమనుషుల ముందు కూడా అదే మాట. మా వారు ఇంటికొచ్చి ‘కొట్టు మొత్తం అన్నయ్య పేరున రాసిచ్చేస్తాను’ అన్నారు. దసరా సెలవులకి అండమాన్ తీసుకెళ్లమని అడిగితే పదకొండేళ్ల బాబు మీద కేకలేశారు.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. కొట్టు మీద రాళ్లు పడ్డాయని మా అక్క ముందురోజు రాత్రే ఫోన్ చేసింది. మా వారికి నేను మర్నాడు డైవింగ్ అయ్యాకే చెప్పాను, అప్పుడే ఫోన్ వచ్చిందన్నాను. ఇప్పుడు నిజం చెప్పాలా? అసలు మేం చేసిన తప్పేమిటి?”

అమ్మా, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. మీరు వెళ్లడం తప్పు కాదు. సమైక్యాంధ్ర ఉద్యమం అప్పటికే రెండు నెలలుగా నడుస్తున్న మాట నిజమే, ఆర్టీసీ బస్సులు ఆగస్టు నుంచే డిపోల్లో ఆగిపోయాయి. కానీ అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం తెలంగాణ ఏర్పాటుకి ఆమోదం తెలిపాక మన ఊరు అలా భగ్గుమంటుందని ఎవరనుకున్నారు? దాడులు, మంటలు, కర్ఫ్యూ, కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు. దానికి తోడు విద్యుత్ ఉద్యోగుల సమ్మె. అవన్నీ ఒక కొలిక్కి వచ్చేలోపే 12వ తేదీన ఫైలిన్ తుపాను. ఇన్ని ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయని టికెట్లు కొన్ననాడు మీకెలా తెలుస్తుంది?

డైవింగ్ అయ్యాక మీ వారికి తెలిసిన వెంటనే బయల్దేరి ఉంటే వచ్చేయగలిగేవారా అంటే, అదీ కష్టమే. డైవింగ్ చేసినవాళ్లు వెంటనే విమానం ఎక్కకూడదు. నీటి లోపలి ఒత్తిడికి ఒంట్లోకి ఎక్కువగా చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే పైకి ఎగిరితే బుడగలు కట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రోజులో రెండు మూడుసార్లో వరసగా కొన్ని రోజులో దిగితే కనీసం 18 గంటలు ఆగమంటారు. ఆ పైన దీవి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పడవ, అక్కడి నుంచి విమానం, విశాఖలో దిగాక బస్సు లేదు, ఎలాగో చేరినా ఊళ్లో కర్ఫ్యూ. మీరు ఎంత తొందరపడినా ఆ మొదటి రాత్రులు బావగారు ఒంటరిగానే ఉండేవారు.

ఇదంతా మీ మనశ్శాంతి కోసం చెప్పాను. దయచేసి బావగారి దగ్గర ఈ లెక్క విప్పకండి. పన్నెండేళ్లుగా మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. ఆయన ఆ మాట అంటారు, మీ వారు ‘టికెట్లు ముందే కొన్నాం, మాకేం తెలుసు’ అంటారు. మీ వారు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కానీ బావగారు ఎదురుచూస్తున్నది ఆ సంజాయిషీ కోసం కాదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ కుండ. చీకటింట్లో, బయట పోలీసు వాహనాల చప్పుడు మధ్య, తండ్రి మందు పాడవకూడదని ఒక మనిషి కుండలో తడిగుడ్డ వేసి, అది ఆరిపోకుండా మళ్లీ మళ్లీ తడిపి ఉంటాడు. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాలకో మందులకో పరుగెత్తి ఉంటాడు. ఈ సంగతి మీకు తోటికోడలి నోట, అదీ మాటల్లో తెలిసింది. బావగారు చెప్పలేదు, మీ వారు అడగలేదు. ఆయన ‘చేపలు’ అన్నప్పుడల్లా మీకు నింద వినిపిస్తోంది. నాకు మాత్రం ‘ఆ రాత్రులు నేనెలా ఉన్నానో ఒక్కసారైనా అడిగారా’ అన్నట్టు వినిపిస్తోంది.

అసలు చేపల మాట ఆయన నోటికి ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. తిరిగి వచ్చిన వారంలో ఆ నీటి లోపలి ఫొటోలు ఇంట్లో చూపించారా? కొత్తగా పెళ్లయినవాళ్లు చూపించకుండా ఉండరు. చెడ్డ ఉద్దేశంతో చూపించరని నాకు తెలుసు. కానీ కొట్టులో గాజుపెంకులు ఊడ్చి, కొత్త అద్దాలకి కొలతలు ఇస్తున్న మనిషికి ముసుగు పెట్టుకుని నవ్వుతున్న తమ్ముడి ఫొటో ఎలా ఉంటుంది? తప్పంటూ ఏదైనా ఉంటే ప్రయాణంలో లేదు, అక్కడ ఉంది. ఒప్పుకోవలసి వస్తే దాన్ని ఒప్పుకోండి. మిగతా వాటికి క్షమాపణలు అక్కర్లేదు.

ఇక మీరు దాచిన సంగతి. చెప్పండి. ముందు మీ వారికి, ఆయనకి మాత్రమే. ఇద్దరూ ఉన్నప్పుడు, పంపకాల ప్రస్తావన లేని రోజున చెప్పండి. బావగారితో గొడవై ఇంటికొచ్చిన రాత్రి మాత్రం వద్దు. ఎందుకు దాచారో రెండు సగాలూ చెప్పండి. ‘కంగారులో నీళ్లలో దిగితే ప్రమాదమని భయపడ్డాను’ అనేది ఒక సగం. ‘మీరు ఇన్నేళ్లుగా కలలుగన్న రోజు పాడైపోతుందని, నాకూ ఆ రోజు కావాలని అనిపించింది’ అనేది రెండో సగం. మొదటి సగం మాత్రమే చెబితే అది మళ్లీ దాచడమే. ఆ దీవిలో అప్పుడు ఫోన్లు సరిగా కలిసేవి కాదు కాబట్టి మీ అబద్ధం తేలిగ్గా అతికిపోయింది, పన్నెండేళ్లు నిలిచింది కూడా. ఆయనకి కోపం రావచ్చు. ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ కోపానికి ఆయనకి హక్కుంది, వెంటనే చల్లార్చాలని చూడకండి. మీరు ఈ బరువు మోస్తున్నందువల్లే బావగారు మాట అన్నప్పుడల్లా మీరు అందరికంటే గట్టిగా వాదిస్తున్నారేమో, అది కూడా చూసుకోండి.

నిజానికి నీళ్లలోకి దిగేముందు రాత్రి అలాంటి కబురు తెలిసినా దిగమని నేను ఎవరికీ చెప్పను. నిద్రలేక, మనసు ఎక్కడో పెట్టుకుని దిగితే ఊపిరి లయ తప్పుతుంది. శిక్షకులు పదేపదే చెప్పే మొదటి మాటే ‘ఊపిరి బిగబట్టకు, నిదానంగా పీల్చు’ అని. ఆ రాత్రే చెప్పి ఉంటే ఆయన దిగేవారు కారు, అంతే. కొట్టు అద్దాలు ఎటూ పగిలే ఉండేవి.

బావగారితో మీరు మాట్లాడకండి. ఇది అన్నదమ్ముల మధ్య మాట. మీ వారు ఒక్కరే, రాత్రి కొట్టు కట్టేసే వేళకి వెళ్లాలి. “అన్నయ్యా, ఆ కర్ఫ్యూ రాత్రులు నాన్నగారితో నువ్వెలా నెట్టుకొచ్చావో నేనెప్పుడూ అడగలేదు. చెప్పు” అనాలి. అని ఊరుకోవాలి. మధ్యలో ‘కానీ’ రాకూడదు. బావగారు మొదట విసుక్కుంటారు, ‘ఇప్పుడెందుకురా’ అంటారు. అయినా కూర్చోవాలి. ఒక రోజుకి తెరుచుకోకపోతే ఇంకోరోజు వెళ్లాలి. ఆ ఉద్యమం, ఆ రాష్ట్రం ముక్కలవడం గురించి ఇద్దరికీ వేరువేరు అభిప్రాయాలు ఉంటే ఉండనివ్వండి, ఆ చర్చ ఆ రాత్రి వద్దు.

కొట్టు రాసిచ్చేస్తాననడం మాత్రం నాకు నచ్చలేదు. అది ప్రేమతో ఇవ్వడం కాదు, నోరు మూయించడానికి ఇవ్వడం. అలా ఇచ్చిన ఆస్తి అయిదేళ్లకి ‘నా వాటా కూడా తిన్నావు’ అనే కొత్త మాట పుట్టిస్తుంది. పైగా అది మీ వారు, బావగారు ఇద్దరే తేల్చుకునే విషయమూ కాదు. మావయ్యగారు వీలునామా రాయకుండా పోయి, కొట్టు ఆయన సొంత సంపాదన అయితే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తయ్యగారికీ కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది. కూతుళ్లుంటే వాళ్లకీ అంతే. మీ వారు తన వాటా వదులుకోగలరు గానీ, దానికి రిజిస్టర్ చేసిన పత్రం కావాలి, చేశాక వెనక్కి తీసుకోవడం మహా కష్టం. కాబట్టి ఈ కోపం తగ్గేదాకా ఏ కాగితం మీదా సంతకం వద్దు. ఒక వకీలుకి పాత దస్తావేజులు చూపించండి. ఇన్నేళ్లూ కొట్టు నడిపింది, తండ్రిని చూసుకున్నది బావగారే అయితే ఆయనకి కొంత ఎక్కువ ముట్టడం న్యాయమే. ఎంత, ఎందుకు అన్నది అత్తయ్యగారిని కూర్చోబెట్టుకుని, అందరికీ తెలిసేలా తేల్చండి. ‘చేపలు చూసినందుకు జరిమానా’లా మాత్రం ఉండకూడదు.

మీ బాబు సంగతి. వాడు పుట్టకముందు గొడవకి వాడు కేకలు తిన్నాడు. ఈ వారంలోనే మీ వారు వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, నీ మీద కోపం కాదురా, నాకు ఆ ఊరు పేరు వింటే ఒక పాత సంగతి గుర్తొస్తుంది అని చెప్పాలి. పదకొండేళ్లవాడికి అంత చెబితే అర్థమవుతుంది.

ఈ దసరాకి వద్దు. పంపకాలు నడుస్తుండగా మళ్లీ అదే దీవికి వెళ్తే బావగారికి పుండు మీద కారం చల్లినట్టుంటుంది. కానీ ఎప్పటికీ మానేయకండి. అన్నదమ్ములు మాట్లాడుకున్నాక, సముద్రం ప్రశాంతంగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలల్లో చూసుకోండి. పదేళ్లు నిండిన పిల్లల్ని శిక్షకుడి తోడుతో తక్కువ లోతులో దింపుతారు, ముందు డాక్టరుకి చూపించండి, జలుబు చేసి ఉంటే దింపకండి. తిరుగు ప్రయాణానికి ముందు ఒక పూర్తి రోజు ఖాళీగా ఉంచుకోండి. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020లో వేశాక అక్కడి ఫోన్లు చాలా మెరుగుపడ్డాయి. వెళ్లే తేదీ ముందుగా బావగారికి మీ వారే చెప్పాలి, హోటల్ నంబరు ఇవ్వాలి. అక్కడ ఉన్నన్నాళ్లూ ప్రతి రాత్రీ అత్తయ్యగారికి ఫోన్ చేయండి. మీకు ఏ కబురు ఏ వేళప్పుడు వచ్చినా, ఈసారి ఆ నిమిషంలోనే మీ వారికి చెప్పండి.