కుక్కకు పళ్లు ఊడితే వయసు మీదకు నెట్టకండి

ప్రశ్న: మా పొమేరేనియన్‌కు తొమ్మిదేళ్లు. ఈ నెలలో రెండు ముందు పళ్లు ఊడిపోయాయి. ఒకటి అన్నం గిన్నెలో కనిపించింది. నోరు భరించలేనంత వాసన వస్తోంది, తరచుగా తుమ్ముతోంది. పెరుగన్నం మాత్రం ఎప్పటిలాగే తింటోంది. వయసు మీద పడితే పళ్లు ఊడవా అంటున్నారు మా అత్తగారు. ఇప్పుడు బ్రష్ చేయడం మొదలుపెడితే మిగతావైనా నిలుస్తాయా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: కుక్కకు 28 పాలపళ్లు ఉంటాయి. ఏడో నెల వచ్చేసరికి అవి రాలి, 42 శాశ్వత పళ్లు వస్తాయి. ఆ తర్వాత పన్ను ఊడిందంటే దెబ్బయినా తగిలి ఉండాలి, జబ్బయినా ఉండాలి. వయసు ఒక్కటే పళ్లను ఊడగొట్టదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది ముదిరిన చిగుళ్ల జబ్బులా ఉంది. పొమేరేనియన్లలో ఇది మరీ ఎక్కువ. ఆ చిన్న దవడలోనే 42 పళ్లూ ఇరుక్కోవాలి కదా!

పళ్ల మీది పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గారగా మారుతుంది. చిగురు కిందికి చేరిన సూక్ష్మజీవుల వల్ల పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతూ పోతుంది. వాసన అక్కడిదే.

‘బాగానే తింటోంది డాక్టరు గారూ’ అన్న మాట రోజూ వింటాను. కుక్క నొప్పిని దిగమింగి తింటుంది. పెరుగన్నానికి నమిలే పని కూడా లేదు. గట్టి బిస్కెట్టు ఒకటి ఇచ్చి చూడండి. ఒకవైపే నమిలినా, నోట్లో పెట్టుకుని వదిలేసినా విషయం తెలిసిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తుమ్ములు. పై కోరపంటి వేరుకూ ముక్కుకూ మధ్య ఉండేది పలుచని ఎముకే. అది కరిగితే నోటికీ ముక్కుకూ దారి పడుతుంది. చిన్న జాతుల్లో కింది దవడ ఎముక బలహీనపడి, చిన్న దెబ్బకే విరిగిన సందర్భాలూ ఉన్నాయి.

కాబట్టి ముందు బ్రష్ కాదు, వైద్యం. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలోనో, మీకు దగ్గరలోని పశువైద్యుని దగ్గరో చూపించండి. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో చూసుకుని మత్తు ఇస్తారు. గార తీసి, ఎక్స్‌రేలో వేళ్లు చూసి, నిలవని పళ్లు తీసేస్తారు. మత్తంటే భయపడి, మత్తు లేకుండా గీకి పంపేవారిని ఆశ్రయించకండి. పైకి పళ్లు తెల్లబడతాయి, చిగురు కింది జబ్బు అలాగే ఉంటుంది. పళ్లు తీసేస్తే ఎలా తింటుందోనన్న బెంగ వద్దు. రెండు వారాలు మెత్తటి తిండి పెట్టండి, నొప్పి పోయాక మునుపటికన్నా హుషారుగా తింటుంది.

పుండ్లు మానాక, డాక్టరు సరేనన్నాక రోజూ బ్రష్ చేయండి. పళ్ల బయటి వైపు తోమినా చాలు. పేస్టు కుక్కల కోసం చేసినదే వాడండి. మన పేస్టులోని ఫ్లోరైడ్ మింగకూడనిది, కొన్నింటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ అయితే కుక్కకు విషమే. ఆదివారం మటన్ బొక్కలు కూడా మానేయండి. గోరు గుచ్చితే దిగనంత గట్టి వస్తువేదైనా దవడ పళ్లను విరగ్గొడుతుంది.

ఈలోగా నొప్పికని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేయకండి. కదులుతున్న పన్ను లాగకండి. కంటి కింద వాచినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ఆ రోజే తీసుకెళ్లండి. గిన్నెలో దొరికిన పన్ను ఇంకా ఉంటే అదీ వెంట పట్టుకెళ్లండి. వేరుతో సహా వచ్చిందో, ముక్క లోపలే ఉండిపోయిందో దాన్ని చూస్తే చాలావరకు తెలుస్తుంది.